ఫోనులో నింద, కోర్టులో న్యాయము

గత నెలలో దిగపహండిలో మన నేతపనివారు కొందరు కూడినప్పుడు నేనును అచ్చట ఉంటిని. నూలు ధరలు, కూలి బాకీలు మాట్లాడుకొనుటకు ఏర్పాటైన సమావేశమది. ఆ సంగతులు రెండును పావుగంటలో ముగిసినవి. మిగిలిన రెండు గంటలును ఒక ఫోటోను గూర్చియే సాగినవి.

జరిగినది చెప్పెదను. మనలో ఒక యువకుడు పట్టుచీర యొకటి నేసి, దాని ఫోటోను వాట్సాపులో తన ఖాతాదారులకు పంపుకొనెను. ఎవరో ఆ ఫోటోనే తీసికొని, ఇది చేతిమగ్గము సరుకు కాదనియు, మరమగ్గపు సరుకనియు, పట్టు సయితము కల్తీయనియు వ్రాసి, వందలమంది యున్న ఒక గుంపులో పెట్టిరి. మూడు దినములలో ఆ యువకునికి రెండు బేరములు పోయినవి. సమావేశములో అతని తండ్రి కూడ ఉండెను. నలుబది యేండ్లు గుంటమగ్గములో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి. "మన మాటకు విలువ పోయినది" అని ఒక్క మాట యని ఊరకుండెను.

ఆ మాట విన్న వెంటనే సభలో వేడి పుట్టినది. ఫోనులో చేనేతను నిందించువారిని చూచిన తక్షణమే అరెస్టు చేయుటకు వీలైన గట్టి చట్టమొకటి కావలెనని ప్రభుత్వమునకు తీర్మానము పంపవలెనని కొందరు ప్రతిపాదించిరి. చాలమంది చేతులెత్తిరి. నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో ఆ సభలో చెప్పుటకు వ్యవధి లేకపోయినది. కావున ఈ పత్రికాముఖమున సోదరులకు విన్నవించుకొనుచున్నాను.

ముందుగా ఒక్కటి ఒప్పుకొందును. బాధ నిజమైనది. పూర్వము బరంపురపు అంగడిలో ఎవడైన మన సరుకును తక్కువ చేసి మాట్లాడినచో, చీర చంకనబెట్టుకొని పోయి, పది మంది యెదుట ఒక పోగు తీసి కాల్చి చూపించెడివారము. కాలిన వెండ్రుక వాసన వచ్చినచో పట్టు, కరగి ఉండకట్టినచో కల్తీ. అంతటితో తగవు తీరిపోయెడిది. నేడు నింద వేసినవాడు ఏ యూరివాడో తెలియదు. విన్నవారు హైదరాబాదులో ఉందురు, సూరతులో ఉందురు. పోగు కాల్చి ఎవరికి చూపవలెను? కాబట్టి కోర్టు తలుపు తట్టవలెనను కోరిక సహజమే. అయితే కోర్టు ఇట్టి తగవులను ఎట్లు చూచుచున్నదో తెలిసికొనకుండ కొత్త చట్టమడుగుట, పడుగు లెక్క చూడక పేక త్రోసినట్లగును.

మన సభలో కోరినటువంటి చట్టము ఈ దేశములో ఒకసారి ఉండెను. సమాచార సాంకేతిక చట్టము 2000లో వచ్చినది. దానికి 2008లో సవరణ చేసి 66-ఎ అను సెక్షను చేర్చిరి. ఇది 2009 అక్టోబరు 27 నుండి అమలులోనికి వచ్చినది. కంప్యూటరు ద్వారా గాని ఫోను ద్వారా గాని మిక్కిలి అభ్యంతరకరమైన మాట పంపినను, అబద్ధమని తెలిసియు ఇతరులకు చికాకు, అసౌకర్యము కలిగించు మాట పంపినను మూడేండ్ల వరకు జైలు. చికాకు అనగా ఎంత? అభ్యంతరమనగా ఎవరికి? చట్టము చెప్పలేదు. పోలీసు ఠాణాలో కూర్చున్నవానికి ఎట్లు తోచిన అట్లు.

ఫలితమేమైనది? 2012 నవంబరులో మహారాష్ట్రమందలి పాల్ఘర్‌లో ఒక యువతి, పెద్ద నాయకుడొకరు మరణించినప్పుడు ఊరంతయు మూసివేయుట యెందుకని ఫేస్‌బుక్కులో వ్రాసినది. ఆమె స్నేహితురాలు ఆ మాట నచ్చినదని గుర్తు నొక్కినది. అంతే. ఇద్దరిని పోలీసులు అరెస్టు చేసిరి. ఇది చూచి శ్రేయా సింఘాల్ అను యువతి సుప్రీం కోర్టునకు పోయినది. 2015 మార్చి 24వ తేదీన జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ గార్ల ధర్మాసనము ఆ సెక్షనును పూర్తిగా కొట్టివేసినది. ఈ ఇద్దరిలో చలమేశ్వర్ గారు కృష్ణాజిల్లాకు చెందిన తెలుగువారు.

ఆ తీర్పులో మనము గుర్తుంచుకొనవలసిన విభాగ మొకటి కలదు. ఒక విషయమును చర్చించుట వేరు, దానిని గట్టిగా సమర్థించుట వేరు, జనులను నేరమునకు పురికొల్పుట వేరు అని న్యాయమూర్తులు చెప్పిరి. మొదటి రెండును ఎంత చేదుగా ఉన్నను పౌరుని హక్కే. మూడవదానికి వచ్చినప్పుడే ప్రభుత్వము చేయి వేయవచ్చును. ఇక చిత్రమేమనగా, కొట్టివేసిన ఆ సెక్షను క్రిందనే పలుచోట్ల పోలీసులు తరువాత కూడ కేసులు పెట్టుచునే యుండిరి. చివరకు 2022 అక్టోబరు 12న సుప్రీం కోర్టు మరల కలుగజేసికొని, దీని క్రింద ఎవరినీ విచారింపరాదని ఆదేశింపవలసి వచ్చినది. చచ్చిన పాము కూడ ఏడేండ్లు కరచినదన్నమాట. అట్టి పామును మనమే మరల పిలుచుకొందుమా?

మనకును ఈ పాము కాటు తగులునా యని కొందరడుగవచ్చును. తప్పక తగులును. మనమేమి ఫోనులో మాట్లాడకుండ ఉన్నామా? ఫలాని దుకాణములో మరమగ్గపు గుడ్డను చేనేత యని అమ్ముచున్నారని మన కుర్రవాండ్రు వ్రాయుచున్నారు. నూలు సకాలమునకు రాలేదనియు, కూలి నిలిపివేసిరనియు వ్రాయుచున్నారు. అవి చదివిన దుకాణదారునికి చికాకు కలుగదా? అధికారికి అసౌకర్యము కలుగదా? గట్టి చట్టము వచ్చిననాడు మొట్టమొదట ఠాణాకు పిలువబడువాడు పెద్ద వర్తకుడు కాడు. గుంటమగ్గములో కూర్చున్నవాడే. మన చేతితో పేనిన త్రాడు మన మెడకే చుట్టుకొనును.

అయితే నింద వేసినవానిని విడిచిపెట్టవలెనా? అక్కరలేదు. పరువు నష్టమునకు చట్టము ఎప్పటినుండియో ఉన్నది. పాత శిక్షాస్మృతిలో 499, 500 సెక్షనులుగా ఉండి, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షనుగా నడచుచున్నది. నోటితో అన్నను, కాగితముపై వ్రాసినను, ఫోనులో పెట్టినను నింద నిందయే. 2016లో సుప్రీం కోర్టు ఈ చట్టము చెల్లునని తీర్పు చెప్పినది. అయితే ఇందులో పోలీసువారు వచ్చి తమంతట తాము పట్టుకొనిపోరు. బాధపడినవాడు మేజిస్ట్రేటు యెదుట ఫిర్యాదు చేసికొనవలెను. చెప్పినది సత్యమై, లోకమునకు మేలైనదైనచో అది నేరము కాదు. ఇది మనకు రెండు విధముల రక్ష. అబద్ధము చెప్పినవానిని మనము నిలదీయవచ్చును. నిజము చెప్పిన మనవానిని ఎవరును జైలులో పెట్టలేరు.

ఇచ్చటనే తెలుగుదేశములో జరిగిన ఒక కేసు చెప్పవలెను. విశాఖ ఇండస్ట్రీస్ అను కంపెనీ ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు చేయును. 2008లో గూగుల్ వారి సదుపాయమున నడచు ఒక గుంపులో, ఆస్‌బెస్టాస్‌ను వ్యతిరేకించువారు ఈ కంపెనీపై వ్రాతలు పెట్టిరి. తమకు పరువు నష్టము కలిగినదని కంపెనీవారు సికింద్రాబాదు మేజిస్ట్రేటు కోర్టులో కేసు వేసిరి. వ్రాసినవారితోపాటు గూగుల్ ఇండియాను కూడ ముద్దాయిగా చేర్చిరి. మేము ఉత్తరము మోయువారమేగాని వ్రాసినవారము కామని గూగుల్ వారు కేసు కొట్టివేయుటకై హైకోర్టునకు పోయిరి. 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకొనలేదు. వారు సుప్రీం కోర్టునకు పోయిరి. 2019 డిసెంబరు 10న సుప్రీం కోర్టు కూడ కేసును కొట్టివేయుటకు నిరాకరించినది. మోయువారికి నేటి చట్టమిచ్చు రక్షణ 2009 అక్టోబరు తరువాతిది. అంతకు ముందున్న సెక్షను పరువు నష్టపు నేరమునుండి రక్షింపదు. తక్కిన సంగతులు విచారణలో తేల్చుకొనవలెను. తీర్పు సారమిది.

లెక్క చూడుడు. వ్రాత 2008లో. విచారణ సాగవచ్చునని తేలుటకే 2019. పదునొకండు సంవత్సరములు! ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్నది అప్పటికి ఇంకను మొదలు కాలేదు. అది వకీళ్లను పెట్టుకొనగల పెద్ద కంపెనీ. మగ్గముపై నుండి దిగిన దినము కూలి పోగొట్టుకొను మనిషి పదునొకండు సంవత్సరములు ఎక్కడ నిలబడగలడు? కావున మనకు కావలసినది ఎక్కువ కఠినమైన చట్టము కాదు. ఉన్న చట్టమును వేగముగా, చేరువలో, తక్కువ ఖర్చుతో పొందు దారి. ఆ దారికి అడ్డుపడునది చాలవరకు మన తెలియమియే.

మరల మన యువకుని సంగతికి వత్తము. సభ ముగిసిన తరువాత నేనతనిని ఆ వ్రాత చూపుమంటిని. "సిగ్గువేసి చెరిపివేసితినండి" అనెను. గుంపులోనుండి కూడ బయటికి వచ్చెనట. పెట్టినవాడును మరునాడు దానిని తీసివేసెనట. మిగిలినది ఒక స్నేహితుడు పంపిన ఫోటో. అందులో వ్రాసినవాని నంబరు లేదు, తేది లేదు. ఏ వకీలు దగ్గరకు పోయినను అతడేమి చేయగలడు? దొంగ పారిపోయిన తరువాత అడుగుజాడలు కూడ మనమే తుడిచివేసినట్లైనది.

కోర్టు ఫోను సాక్ష్యమును ఎట్లు చూచునో మనలో ప్రతివాడును తెలిసికొనవలెను. ఫోనులోని మాటను కాగితముపై అచ్చువేసి పట్టుకొనిపోయిన చాలదు. ఆ ప్రతి ఏ ఫోనునుండి, ఎట్లు తీయబడినదో చెప్పు సర్టిఫికెట్టు జతపరుపవలెనని 2020 జూలై 14న సుప్రీం కోర్టు ఒక ఎన్నికల కేసులో ఖండితముగా చెప్పినది. అసలు ఫోనునే దాని యజమాని కోర్టులో పెట్టి సాక్ష్యమిచ్చినచో సర్టిఫికెట్టు అక్కరలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములో ఇది 63వ సెక్షను. అందు సర్టిఫికెట్టునకు రెండు భాగములు: ఒకటి సాక్ష్యము తెచ్చినవాడు ఇచ్చునది, రెండవది నిపుణుడు ఇచ్చునది. కావున నింద కనబడిన వెంటనే చెరపరాదు. వ్రాత, వ్రాసినవాని నంబరు, తేది, గంట కనబడునట్లు పట్టుకొనవలెను. ఆ ఫోనును అమ్మరాదు, మార్చరాదు. చీరను కూడ దాచియుంచవలెను. పట్టు సంగతి తేలుటకు పరీక్షాఫలితము కంటె గొప్ప సాక్షి లేదు.

రెండవది గడువు. పరువు నష్టమునకు సొమ్ము కోరుచు సివిల్ దావా వేయవలెనన్న, నింద ప్రచురితమైన నాటినుండి ఒక్క సంవత్సరమే గడువు. పండుగ పోవలెను, పెండ్లిండ్ల సీజను పోవలెను అనుచు కూర్చున్నచో గడువు జారిపోవును.

మూడవది స్థలము. ఎచ్చటివాడో నింద వేసినప్పుడు ఎచ్చటి కోర్టు? ప్రతివాది నివసించుచోట గాని, నష్టము జరిగినచోట గాని దావా వేయుటకు సివిల్ ప్రొసీజరు కోడు 19వ సెక్షను వీలిచ్చుచున్నది. అయితే ఇంటర్నెట్టు అంతట కనబడును గనుక అంతట దావా వేయవచ్చునని తలపరాదు. సింగపూరునకు చెందిన బన్యన్ ట్రీ అను హోటలు కంపెనీ, తన పేరును వాడుకొన్నారని హైదరాబాదువారిపై ఢిల్లీ హైకోర్టులో దావా వేసినది. వెబ్‌సైటు ఢిల్లీలో తెరచిన కనబడునన్నంత మాత్రమున ఢిల్లీ కోర్టునకు అధికారము రాదనియు, అచ్చటివారితో వ్యాపారము చేయుటకే దానిని ఉద్దేశించిరని చూపవలెననియు 2009 నవంబరులో ఆ కోర్టు చెప్పినది. ఇది పేదవానికి మేలైన సూత్రము. లేనిచో ఎవడో దూరపు వర్తకుడు మనపై వేయి మైళ్ల దూరములో దావా వేసి, రైలు ఖర్చులతోనే మనలను చంపగలడు.

నాలుగవది మోయువాడు. ఫేస్‌బుక్కు, వాట్సాపువంటి కంపెనీలపై మన సభలో చాల కోపము కనబడినది. ప్రతి ఫిర్యాదునకును వారే న్యాయాధిపతులై వ్రాతలు తీసివేయవలెనని అడుగుట మంచిది కాదు. 2015 తీర్పు ఈ సంగతియు చెప్పినది: కోర్టు ఉత్తరువు గాని, చట్టప్రకారము ప్రభుత్వపు నోటీసు గాని వచ్చినప్పుడే కంపెనీ తీసివేయుటకు బద్ధురాలు. లేనిచో లక్షల ఫిర్యాదులలో ఏది నిజమో వారెట్లు తేల్తురు? భయపడి అన్నియు తీసివేయుదురు. అప్పుడు దుకాణదారుడు మన నిజమైన వ్రాతను కూడ ఒక ఫిర్యాదుతో తీయించివేయును. అయినను 2021 నాటి నిబంధనల ప్రకారము ప్రతి కంపెనీయు ఫిర్యాదుల అధికారిని నియమించి, గడువులోపల జవాబు చెప్పవలెను. అచ్చట మొదట వ్రాయుట మన పని. దానికి ఖర్చు లేదు. వ్రాసిన జవాబు రేపు కోర్టులో కాగితముగా పనికివచ్చును.

కఠినముగా ఉండవలసిన చోటు లేకపోలేదు. కటకములోని మన ఒరిస్సా హైకోర్టు 2020 నవంబరు 23న ఒక స్త్రీ నగ్నచిత్రములను ఫేస్‌బుక్కులో పెట్టిన ముద్దాయికి బెయిలు నిరాకరించినది. ముద్దాయిని శిక్షించుట ఒక్కటియే చాలదనియు, ఆ చిత్రములు లోకమునుండి తొలగిపోవుటకు బాధితురాలికి హక్కుండవలెననియు, ఆ హక్కునకు దేశములో సరియైన చట్టము లేదనియు ఆవేదన తెలిపినది. అది మానమునకు సంబంధించిన నేరము. దానిని, చీర బాగులేదన్న మాటను ఒకే గాటికి కట్టరాదు.

ఇంకొక సంగతి. నోరు మూయించు చట్టమడుగు మనము, ఒక దినము ఫోను మూగవోయిన ఏమగునో ఆలోచించితిమా? 2025 అక్టోబరులో కటకములో అల్లరులు జరిగినప్పుడు ఇంటర్నెట్టు నిలిపివేసిరి. అట్టి దినమున ఆర్డరు రాదు, సొమ్ము చేరదు. జమ్మూ కాశ్మీరు కేసులో 2020 జనవరి 10న జస్టిస్ ఎన్.వి. రమణ గారు వ్రాసిన తీర్పు దీనికి మేర ఏర్పరచినది. ఇంటర్నెట్టు ద్వారా మాట్లాడు హక్కును, వ్యాపారము చేసికొను హక్కును రెండును రాజ్యాంగ రక్షణలోనివే. ఎంతకాలమో చెప్పకుండ నిలిపివేయరాదు. నిలిపివేయు ఉత్తరువును బహిరంగపరుపవలెను. వ్యాపారమని ఆ తీర్పులో వ్రాసినప్పుడు అందు మన చీర కూడ ఉన్నది.

ఇక మన పేరు సంగతి. బరంపురం పట్టు, దాని కుంభపు అంచుతో సహా, భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద నమోదైనది. మరమగ్గపు గుడ్డకు ఆ పేరు తగిలించి ఫోనులో అమ్మువాడు కేవలము అబద్ధమాడుట కాదు, నమోదైన హక్కును అపహరించుచున్నాడు. ఈ దావా జిల్లా కోర్టులోనే వేయవలెను. మన మేలు కొరకు ఆ చట్టము 66వ సెక్షను, దావా వేయువాడు నివసించుచోటి జిల్లా కోర్టులో కూడ వేయవచ్చునని చెప్పుచున్నది. అనగా సూరతువాడు తప్పు చేసినను మనము బరంపురము కోర్టునకు పోవచ్చును. అయితే ఆ హక్కు నమోదైన యజమానికిని, అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకొన్నవారికిని మాత్రమే. మనలో ఎందరు చేయించుకొంటిమి? గట్టి చట్టమునకు చేతులెత్తినవారు ఈ ప్రశ్నకు కూడ చేతులెత్తవలెనని కోరుచున్నాను.

కోర్టు ధనవంతులకే గాని మనకెక్కడిదని పెద్దలు కొందరు అందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని 1987 నాటి న్యాయ సేవల చట్టము క్రింద స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారికిని ఉచితముగా వకీలును ఇత్తురు. మన ఇండ్లలో మగ్గము పనిలో సగము స్త్రీలదే. వారి పేర సరుకు అమ్మినప్పుడు వారి పేరనే అర్జీ పెట్టుకొనవచ్చును.

కావున నేను ఆ తీర్మానమునకు బదులు నాలుగు పనులు ప్రతిపాదించుచున్నాను. ఒకటి, ఫోనులో సరుకు అమ్ము ప్రతివాడును చీరతో పాటు మగ్గముపై నేయుచున్నప్పటి ఫోటోను తేదితో దాచుకొనవలెను. ఒక చిన్న గుడ్డముక్క నమూనాను సంఘమునకు ఇచ్చి పుస్తకములో ఎక్కించుకొనవలెను. రెండు, ఫోను పని తెలిసిన ఇద్దరు యువకులను సంఘము ఎన్నుకొని, సాక్ష్యము భద్రపరచు విధమును, సర్టిఫికెట్టు వ్రాయు విధమును నేర్పించవలెను. మూడు, బరంపురములో ఒక వకీలుతో మాట్లాడి, నెలకొక దినము మనవారికి సలహా దొరకునట్లు చూడవలెను. నాలుగు, అధీకృత వినియోగదారుల నమోదునకు దరఖాస్తులు సంఘమే నింపి పంపవలెను.

ఇవన్నియు చేసినను కోర్టునకు పోవుట చివరి మెట్టు. మొదటి మెట్టు జవాబు. ఆ యువకునికి నేను చెప్పినది ఇదే: గుంపులోనికి మరల పొమ్ము, మగ్గము ముందు నిలబడి, నాడె ఆడుచుండగా వీడియో తీసి పెట్టుము, చీరను పరీక్షకు పంపి, ఫలితము వచ్చిన తరువాత దానిని పెట్టుము. అతడు మొదటిది ఆ సాయంకాలమే చేసెను. పోయిన బేరములలో ఒకటి తిరిగి వచ్చినదట. రెండవది రాలేదు. నింద వేసినవాడు క్షమాపణ చెప్పలేదు.

న్యాయము పూర్తిగా జరిగినదని నేననను. కాని ఒక యువతిని ఠాణాకు ఈడ్చుకొనిపోయిన చట్టము మరల వచ్చినను అతనికి ఆ రెండవ బేరము తిరిగి రాదు. వచ్చెడి సభలో తీర్మానము మరల చర్చకు రాబోవుచున్నది. చేయి ఎత్తుటకు ముందు సోదరులు ఈ సంగతులు మనసున పెట్టుకొందురుగాక.